ఒక్క నర్సు, పదిహేనుమంది రోగులు

ఆసుపత్రిలో చేరేటప్పుడు డాక్టరు ఎవరని అడుగుతాం. ఖర్చెంతవుతుందో, ఇన్సూరెన్సు చెల్లుతుందో లేదో కనుక్కుంటాం. వార్డులో ఒక్కో నర్సుకు ఎంతమంది రోగుల్ని అప్పగించారని మాత్రం అడగం. అడగాలన్న ఆలోచనే రాదు. రోగి క్షేమంగా ఇంటికి చేరడానికీ ఆ అంకెకూ ఉన్న సంబంధాన్ని పరిశోధకులు రెండు దశాబ్దాలకు పైగా కొలుస్తూనే ఉన్నారు. కొన్ని ప్రభుత్వాలు దాన్ని చట్టంలోకి ఎక్కించాయి. మన దేశంలోనూ నిబంధనలు లేకపోలేదు. అవి ఫైళ్లు దాటి వార్డు దాకా, అందులోనూ రాత్రి షిఫ్టు దాకా రావడం లేదు. ఈ సమస్య మూలమెక్కడుంది, బయటి దేశాలు ఏం చేశాయి, ఈ బరువు మధ్యే రోజూ డ్యూటీ చేస్తున్నవాళ్లకు ఏది కొంతైనా పనికొస్తుంది అన్నవి పరిశీలించాల్సిన సమయమిది.

పరిశోధనలు ఏం తేల్చాయి

ఈ చర్చకు గట్టి పునాది వేసింది 2002లో జామా వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం. పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆసుపత్రులను ఎంచుకుంది. ఆపరేషన్లు చేయించుకున్న 2,32,342 మంది రోగుల రికార్డులను, 10,184 మంది నర్సులు ఇచ్చిన జవాబులను కలిపి చూసింది. నర్సు మీద ఒక్క రోగి అదనంగా పడితే, 30 రోజుల్లోపు రోగి చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతున్నట్టు తేలింది. నర్సుల్లో పనిభారంతో పూర్తిగా డీలాపడిపోయే స్థితి 23 శాతం, ఉద్యోగం మీద అసంతృప్తి 15 శాతం పెరిగాయి. 2014లో లాన్సెట్‌లో వచ్చిన మరో అధ్యయనం 9 యూరప్ దేశాల్లోని 300 ఆసుపత్రులను, 4 లక్షలకు పైగా రోగులను పరిశీలించింది. అక్కడా అదే 7 శాతం కనిపించింది.

దీనిమీద ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. నర్సులు తక్కువున్న ఆసుపత్రిలో డబ్బూ, పరికరాలూ, డాక్టర్లూ కూడా తక్కువే ఉండొచ్చు కదా, మరణాలకు నర్సుల కొరతే కారణమని ఎలా చెప్తారు? 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో జాక్ నీడిల్‌మన్ బృందం ప్రచురించిన అధ్యయనం ఈ అనుమానాన్ని చాలావరకు తీర్చింది. వాళ్లు ఆసుపత్రికీ ఆసుపత్రికీ పోలిక పెట్టలేదు. ఒకే పెద్ద ఆసుపత్రిలో 43 వార్డులను షిఫ్టు షిఫ్టుకూ పరిశీలించారు. అవే పరికరాలు, అదే యాజమాన్యం. ఉండాల్సిన సంఖ్య కంటే నర్సులు బాగా తగ్గిన షిఫ్టులు ఒక రోగికి ఎన్ని ఎదురైతే, ఒక్కోదానికి అతని మరణ ప్రమాదం 2 శాతం చొప్పున పెరిగింది. వార్డులోకి ఒకేసారి కొత్త రోగులు రావడం, పాతవాళ్లు డిశ్చార్జి కావడం ఎక్కువగా ఉన్న షిఫ్టుల్లో అది 4 శాతం.

ఇందులో ఆశ్చర్యపడాల్సిందేమీ లేదు. డాక్టరు రౌండ్స్‌కు వచ్చి వెళ్తారు. మిగతా గంటలన్నీ రోగిని కనిపెట్టుకుని ఉండేది నర్సే. ఊపిరి వేగం కాస్త పెరగడం, మూత్రం తగ్గడం, మధ్యాహ్నం దాకా బాగా మాట్లాడిన మనిషి సాయంత్రానికి తడబడటం, ఇవి ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకుతోందనడానికి తొలి గుర్తులు. చూసే మనిషి ఉంటే రెండు గంటల ముందు తెలుస్తాయి. లేకపోతే రోగి స్పృహ తప్పాకే తెలుస్తాయి. ఆ రెండు గంటల తేడా మీదే చాలాసార్లు ప్రాణం ఆధారపడుతుంది.

వదిలేయక తప్పని పనులు

పదిహేనుమంది రోగులున్న నర్సు రాత్రి ఎలా గడుస్తుందో లెక్క వేసి చూద్దాం. రాత్రి 8 గంటలకు పాత షిఫ్టు నుంచి ఓవర్, అంటే రోగుల బాధ్యత తీసుకుంటుంది. ఒక్కొక్కరికి బీపీ, పల్స్, జ్వరం, ఆక్సిజన్ చూసి చార్టులో రాయడానికి 5 నిమిషాలు పట్టినా, ఒక్క రౌండుకే 75 నిమిషాలు. ఒక్కొక్కరికి రెండు ఇంజెక్షన్లనుకుంటే, మందు కలిపి, పేరు సరిచూసి, చేతులు శుభ్రం చేసుకుని, కాన్యులాలోకి నెమ్మదిగా ఎక్కించడానికి ఒక్కోదానికి 5 నిమిషాల చొప్పున రెండున్నర గంటలు. అప్పటికే అర్ధరాత్రి అవుతుంది. ఈలోగా ఒకరి కాన్యులా ఉబ్బుతుంది, ఇంకొకరికి ఆయాసం వస్తుంది, క్యాజువాలిటీ నుంచి స్ట్రెచర్ మీద కొత్త కేసు దిగుతుంది. ఆ కేసుకు షీటు తయారుచెయ్యాలి, రక్తపు శాంపిళ్లు తీసి ల్యాబ్‌కు పంపాలి, డ్యూటీ డాక్టరును పిలవాలి. పక్షవాతంతో మంచం పట్టిన ముగ్గుర్ని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. తిప్పడానికి ఇద్దరు కావాలి. రెండో మనిషి లేదు.

అప్పుడు ఏం జరుగుతుంది? ఇంజెక్షన్ మానెయ్యడం కుదరదు కాబట్టి ఇస్తుంది. తిప్పడం ఆగిపోతుంది. నోరు శుభ్రం చెయ్యడం, ఆపరేషనైన రోగిని లేపి నాలుగడుగులు వేయించడం, రేపు ఇంటికెళ్లే మనిషికి ఇన్సులిన్ ఎలా తీసుకోవాలో చూపించడం, భయపడుతున్నవాళ్ల పక్కన రెండు నిమిషాలు కూర్చోవడం, ఇవన్నీ రాలిపోతాయి. ఇలా చెయ్యకుండా మిగిలిపోయే సంరక్షణ మీద అమెరికా పరిశోధకురాలు బియాట్రిస్ కాలిష్ 2006 నుంచి విస్తృతంగా అధ్యయనం చేశారు. ఎక్కడ చూసినా మొదట రాలిపోయేవి ఇవే. కొన్ని రోజుల్లో అవే పుండ్లుగా, న్యుమోనియాగా, మళ్లీ ఆసుపత్రిలో చేరడంగా బయటపడతాయి. బాధ్యత మాత్రం ఎవరి ఖాతాలోనూ పడదు.

ఇక పొరపాట్ల సంగతి. సిడ్నీలో జరిగి 2010లో ప్రచురితమైన అధ్యయనంలో 98 మంది నర్సులు మందులిస్తుండగా పరిశోధకులు పక్కనే ఉండి గమనించారు. పని మధ్యలో ఎవరైనా ఒక్కసారి కదిలిస్తే, పద్ధతిలో లోపాలూ, మందుల్లో పొరపాట్లూ దాదాపు 12 శాతం చొప్పున పెరిగాయి. పన్నెండున్నర గంటలు దాటిన షిఫ్టుల్లో పొరపాటు జరిగే అవకాశం మూడు రెట్లు ఉంటుందని 2004లో మరో అమెరికన్ అధ్యయనం తేల్చింది. మన ప్రైవేటు ఆసుపత్రుల్లో 12 గంటల నైట్ డ్యూటీ మామూలు విషయం. ఉదయం రావాల్సిన మనిషి రాకపోతే అది ఇంకా సాగుతుంది.

చట్టం చేసిన చోట్ల

కాలిఫోర్నియా 1999లో చట్టం చేసి, 2004 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చింది. ఐసీయూలో ఒక నర్సుకు ఇద్దరు, ఎమర్జెన్సీలో నలుగురు, పిల్లల వార్డులో నలుగురు, సాధారణ వార్డులో మొదట ఆరుగురు, 2005 నుంచి ఐదుగురు. ఇది ఏ క్షణంలోనైనా మించకూడని పరిమితి. నర్సు భోజనానికి వెళ్లినా ఆమె రోగుల్ని చూడటానికి మరొకరు ఉండాలి. ఐదుగురి నిబంధనను వాయిదా వేయాలని అప్పటి గవర్నర్ ష్వార్జ్‌నెగర్ ప్రయత్నించారు. నర్సుల సంఘం కోర్టుకెళ్లి గెలిచింది. తర్వాత ఐకెన్ బృందం కాలిఫోర్నియాను మరో రెండు రాష్ట్రాలతో పోల్చి చూసింది. కాలిఫోర్నియా స్థాయిలో నర్సులుంటే ఆపరేషన్ తర్వాతి మరణాలు న్యూజెర్సీలో 13.9 శాతం, పెన్సిల్వేనియాలో 10.6 శాతం తగ్గి ఉండేవని 2010లో అంచనా వేసింది.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 2000లోనే 20 మంది రోగులకు ఐదుగురు నర్సులన్న పద్ధతి నర్సుల ఒప్పందం ద్వారా వచ్చింది. 2015లో అది చట్టమైంది. అదే దేశంలో క్వీన్స్‌లాండ్ 2016 జులైలో పగటి షిఫ్టుల్లో నలుగురికి ఒకరు, రాత్రి ఏడుగురికి ఒకరు అన్న నిబంధన తెచ్చింది. ఆ ఫలితాల మీద 2021లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనాన్ని మన ఆర్థిక శాఖల అధికారులు తప్పక చదవాలి. నిబంధన అమలైన 27 ఆసుపత్రులను, అమలు కాని 28 ఆసుపత్రులతో ముందూ తర్వాతా పోల్చారు. అమలు కాని చోట్లతో పోలిస్తే మరణాలూ, మళ్లీ చేరాల్సి రావడమూ తక్కువగా ఉన్నాయి, ఆసుపత్రిలో గడిపే రోజులు ఎక్కువగా తగ్గాయి. ఇలా మిగిలిన డబ్బు అదనపు నర్సుల జీతాల ఖర్చుకు రెండు రెట్లు దాటింది.

అందరూ ఒప్పుకున్నారని కాదు. మసాచుసెట్స్‌లో 2018 నవంబరులో ఇలాంటి ప్రతిపాదనను ప్రజల ఓటుకు పెడితే దాదాపు 70 శాతం మంది తిరస్కరించారు. ఖర్చు పెరుగుతుందని, చిన్న ఆసుపత్రులు మూతపడతాయని, రోగి పరిస్థితిని బట్టి నిర్ణయించాలి తప్ప అందరికీ ఒకే అంకె పెట్టకూడదని ఆసుపత్రుల యాజమాన్యాలు గట్టిగా ప్రచారం చేశాయి. చివరి వాదనలో కొంత నిజముంది. వెంటిలేటర్ మీది రోగీ, రేపు ఇంటికెళ్లే రోగీ ఒకటి కాదు. అయితే చట్టం చెప్పేది కనీస సంఖ్య. రోగుల పరిస్థితి విషమంగా ఉంటే అంతకుమించి నర్సుల్ని పెట్టడానికి ఏ చట్టమూ అడ్డురాదు. ఇంగ్లండ్‌లో మిడ్ స్టాఫర్డ్‌షైర్ ఆసుపత్రిలో రోగులు పడిన నరకయాతన మీద 2013లో ఫ్రాన్సిస్ విచారణ నివేదిక వచ్చింది. ఆ యాతన వెనకున్న కారణాల్లో నర్సుల కొరత ఒకటని అది స్పష్టంగా చెప్పింది. మరుసటి ఏడాదే అక్కడ వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ, పగటిపూట ఒక నర్సుకు ఎనిమిదిమంది దాటితే రోగులకు హాని పెరుగుతుందని హెచ్చరించింది.

మన దగ్గర అంకె ఎక్కడ తప్పిపోతోంది

మన దేశంలో రెండు పాత కొలమానాలున్నాయి. కేంద్ర ప్రభుత్వపు స్టాఫ్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ జనరల్ వార్డులో 1:6, ఐసీయూలో 1:1 అంది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ బోధనాసుపత్రుల్లో 1:3, మిగతా ఆసుపత్రుల్లో 1:5 ఉండాలని, సెలవుల కోసం మరో 30 శాతం కలపాలని చెప్పింది. ఒకరికి ముగ్గురంటే కాలిఫోర్నియా కంటే మనమే మెరుగనిపిస్తుంది. అసలు లోపం ఇక్కడే ఉంది. కాలిఫోర్నియా లెక్క షిఫ్టులో మంచం పక్కన నిలబడ్డ నర్సులది. మన లెక్క పోస్టులు మంజూరు చేసేటప్పుడు మొత్తం సిబ్బంది సంఖ్యగా మారిపోతుంది.

30 పడకల వార్డు తీసుకుందాం. 1:3 చొప్పున 10 మంది, సెలవులకు 30 శాతం కలిపితే 13 మంది. వారాంతపు సెలవులు, పండుగలు, క్యాజువల్ లీవులు, ఆర్జిత సెలవులు పోగా ఒక నర్సు ఏడాదికి సుమారు 260 రోజులు డ్యూటీకి రాగలదు. ఆ చొప్పున 13 మందిలో ఏ రోజైనా డ్యూటీలో ఉండేది తొమ్మిదిమంది. ఉదయం నలుగురు, మధ్యాహ్నం ముగ్గురు, రాత్రి ఇద్దరు. కాగితం మీద 1:3, రాత్రి 1:15. అది కూడా పోస్టులన్నీ భర్తీ అయి, ఎవరూ ప్రసూతి సెలవులో లేక, ఎవరినీ డిప్యుటేషన్ మీద పంపకపోతేనే. నేల మీద పరుపులు వేసి 40 మందిని చేర్చుకున్న రోజున ఒక్కొక్కరికి 20 మంది. నిజంగా పగలు ఆరుగురికొకరు, రాత్రి ఎనిమిదిమందికొకరు ఉండాలంటే అదే వార్డుకు సుమారు 20 మంది నర్సులు కావాలి.

ఈ ఖాళీని మన దగ్గర నింపుతున్నది రోగి కుటుంబం. సెలైన్ సీసా ఎప్పుడు అయిపోతుందా అని చూస్తూ కూర్చునేది తల్లి. బెడ్‌ప్యాన్ పెట్టేది, తినిపించేది, రాత్రంతా మేలుకుని ఆయాసం వచ్చినప్పుడు సిస్టర్ కోసం పరుగెత్తేది కొడుకో కోడలో. అటెండెంట్ పాసు చేతిలో పెట్టి ఆసుపత్రి తన పని వాళ్లకు అప్పగిస్తోంది. వాళ్లు పోగొట్టుకున్న కూలి ఏ లెక్కలోకీ రాదు. ఒంటరిగా వచ్చిన ముసలివాళ్లకు ఆ ఆసరా కూడా ఉండదు. కరోనా వార్డుల్లోకి బంధువుల్ని రానివ్వనప్పుడు ఈ నిజం ఒక్కసారిగా బయటపడింది. అంతకాలం కుటుంబాలు మోసిన పనంతా నర్సుల మీదికి వచ్చి పడింది.

నియామకాలు జరగడం లేదని కాదు. తెలంగాణలో 2022 డిసెంబరులో వచ్చిన నోటిఫికేషన్ తర్వాత 2024 జనవరి 31న 6,956 మంది స్టాఫ్ నర్సులకు ఒకేసారి నియామక పత్రాలు ఇచ్చారు. అది మంచి అడుగు. కానీ ఏళ్ల తరబడి ఆగి ఒక్కసారే వేల పోస్టులు నింపితే, మధ్య ఏళ్లలో రిటైరైనవాళ్ల ఖాళీలన్నీ ఉన్నవాళ్ల భుజాల మీదే ఉంటాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కొత్త మెడికల్ కాలేజీలు వస్తున్నాయి. పడకలు పెరిగినంత వేగంగా నర్సులు పెరగడం లేదు. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో చేరినవాళ్లు అదే పని తక్కువ జీతానికి చేస్తూ, రెన్యువల్ భయంతో నోరు విప్పలేకపోతున్నారు.

ప్రైవేటు రంగం సంగతి చూద్దాం. ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2016 జనవరి 29న ఇచ్చిన తీర్పు మేరకు కేంద్రం ఒక కమిటీ వేసింది. 200 పడకలు దాటిన ఆసుపత్రుల్లో ప్రభుత్వ నర్సులతో సమాన జీతం, 50 పడకల లోపు ఆసుపత్రుల్లోనైనా కనీసం నెలకు 20,000 రూపాయలు ఇవ్వాలని ఆ కమిటీ సిఫార్సు చేసింది. అమలు బాధ్యత రాష్ట్రాల మీద పడింది. కేరళ నర్సులు వీధికెక్కి సమ్మెలు చేసి, 2018లో 20,000 కనీస వేతనాన్ని ప్రభుత్వ నోటిఫికేషన్‌గా సాధించుకున్నారు. తెలుగు రాష్ట్రాల్లో జీఎన్‌ఎం నర్సింగ్ డిప్లొమా పాసై కొత్తగా చేరే చాలామందికి ఆ 20,000 ఇప్పటికీ అందని మొత్తమే. బాండ్ పేరుతో సర్టిఫికెట్లు అట్టిపెట్టుకునే ఆసుపత్రులూ ఉన్నాయి.

అందుకే పని నేర్చినవాళ్లు వెళ్లిపోతున్నారు. ప్రపంచవ్యాప్తంగా 58 లక్షల మంది నర్సుల కొరత ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక చెప్పింది. గల్ఫ్, బ్రిటన్, జర్మనీ తలుపులు తెరిచి ఉన్నాయి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మన్ భాష నేర్పి మరీ నర్సుల్ని పంపుతోంది. వెళ్లేవాళ్లను తప్పుపట్టలేం. అక్కడ జీతంతో పాటు మోయగలిగినంత పని కూడా దొరుకుతుంది. ఇక్కడ మిగిలినవాళ్ల వాటాకు మరో ఇద్దరు రోగులు చేరతారు.

ఈలోగా డ్యూటీలో ఉన్నవాళ్లకు

చట్టం వచ్చేదాకా ఆగమని రోగులకు చెప్పలేం. ఈ పరిస్థితిలోనూ పనికొచ్చే కొన్ని పద్ధతులున్నాయి. ఓవర్ డెస్క్ దగ్గర కాకుండా మంచం పక్కన తీసుకుంటే డ్రెయిన్, కాన్యులా, ఆక్సిజన్ కళ్లతో చూసినట్టవుతుంది. పడకల వరస ప్రకారం కాకుండా, ఎవరి పరిస్థితి ముందు చెడిపోవచ్చో వాళ్లతో రౌండు మొదలుపెట్టాలి. ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం క్లోరైడ్ లాంటి ప్రమాదకరమైన మందుల్ని ఎంత తొందరలోనైనా ఇద్దరు సరిచూడాలి. మందు నింపిన సిరంజిని లేబుల్ లేకుండా ట్రేలో పెట్టకూడదు. మందులు కలిపే ఆ కొద్దిసేపు ఎవరూ పలకరించకూడదన్న కట్టుబాటు వార్డు మొత్తం పాటించాలి. డాక్టర్లకూ అది వర్తిస్తుంది.

చెయ్యలేకపోయిన పనిని చేసినట్టు రాయొద్దు. తిప్పని రోగిని తిప్పినట్టు చార్టులో టిక్కు పెడితే కొరతకున్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని మన చేత్తోనే చెరిపేసినట్టు. "ఈ రాత్రి ఇద్దరం, 34 మంది రోగులు, నలుగురు ఆక్సిజన్ మీద ఉన్నారు" అని టైమువేసి ఇన్‌చార్జ్ సిస్టర్‌కూ, నర్సింగ్ సూపరింటెండెంట్‌కూ రాసి ఇవ్వాలి. ఒక్కరే రాస్తే ఫిర్యాదులా కనిపిస్తుంది. వార్డులో అందరూ రోజూ రాస్తే అది రికార్డవుతుంది. రేపు ఏదైనా జరిగితే నర్సును కాపాడేదీ, పోస్టులు అడిగేటప్పుడు సంఘానికి ఆధారమయ్యేదీ అదే.

ఒంటి సంగతీ చూసుకోవాలి. రోగిని ఒక్కరే ఎత్తబోయి నడుం పట్టేసినవాళ్లు ప్రతి ఆసుపత్రిలో ఉన్నారు. రోగి కిందున్న దుప్పటి పట్టుకుని ఇద్దరు జరపడమే క్షేమం. నైట్ దిగాక నిద్ర ముంచుకొస్తుంటే స్కూటీ తియ్యొద్దు. బస్సో ఆటోనో ఎక్కండి. కొత్తగా చేరిన పిల్లలు మొదటి నెలల్లో ఏడ్చినప్పుడు సీనియర్లు పక్కన నిలబడితే వాళ్లు వృత్తిలో మిగులుతారు. అయితే ఈ జాగ్రత్తలన్నిటికీ ఒక హద్దుంది. యోగా తరగతులూ, ఒత్తిడి తగ్గించే శిక్షణలూ మంచివే. అవి పదిహేనుమంది రోగుల్ని ఎనిమిదిమందిగా మార్చలేవు. ఓర్చుకోవడం నేర్పడాన్ని పరిష్కారంగా చూపించే ఏ యాజమాన్యాన్నీ నమ్మలేం.

ఏం జరగాలి

ఆరోగ్యం రాష్ట్రాల పరిధిలోని అంశం. 2023లో వచ్చిన నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం ప్రధానంగా చదువు, రిజిస్ట్రేషన్, వృత్తి ప్రమాణాలకు సంబంధించింది. వార్డులో అంకెను సరిచెయ్యాల్సింది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలే. మొదట, నిష్పత్తిని పోస్టుల లెక్కలో కాకుండా షిఫ్టు లెక్కలో, పడకల మీద కాకుండా ఉన్న రోగుల మీద నిర్ణయించి చట్టంగా తేవాలి. ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్‌కు దాన్ని షరతు చెయ్యాలి. ప్రతి వార్డు గుమ్మం దగ్గర ఆ షిఫ్టులో రోగులెందరో, నర్సులెందరో రాసిన బోర్డు ఉండాలి. ఖాళీలను ఏటా ఒక నిర్ణీత నెలలో నింపాలి. ఇండెంట్లు, స్టోర్ పుస్తకాలు, ఆన్‌లైన్ ఎంట్రీలు క్లర్కులకు అప్పగించి నర్సును రోగి దగ్గరికి పంపాలి. పొరపాటు జరిగితే నర్సును సస్పెండ్ చేసి ఫైలు మూసెయ్యడం ఆపాలి. ఆ షిఫ్టులో ఎందరు రోగులకు ఎందరు నర్సులన్నది విచారణలో మొదటి ప్రశ్న కావాలి.

ఇవన్నీ ఒక్క బడ్జెట్‌లో కావు. కాలిఫోర్నియాకూ చట్టం చేశాక అమలుకు నాలుగేళ్లు పట్టింది. ముందు ఐసీయూలు, లేబర్ రూములు, నవజాత శిశువుల వార్డులతో మొదలుపెట్టి జనరల్ వార్డులకు రావచ్చు. డబ్బు లేదనే జవాబు క్వీన్స్‌లాండ్ తర్వాత చెల్లదు. ఖర్చు ఇప్పుడూ అవుతోంది, పుండ్లకూ, ఇన్ఫెక్షన్లకూ, మళ్లీ చేర్చుకోవడాలకూ.

చదువరులకు ఒక విన్నపం. ఈసారి మీవాళ్లెవరినైనా ఆసుపత్రిలో చేర్చినప్పుడు, రాత్రి ఈ వార్డులో ఎందరు నర్సులుంటారని అడగండి. సిస్టర్ మీద కోపంతో అడగొద్దు, ఆమె తరఫున అడగండి. ఆమెను కాకుండా సూపరింటెండెంట్‌ను, మేనేజరును, ఓటడగడానికి వచ్చిన ఎమ్మెల్యేను అడగండి. జనం అడగని అంకెను ఏ ప్రభుత్వమూ మార్చలేదు.